రంగు గీకేసిన సిపాయి

శనివారం పొద్దున్నే కళ్ళద్దాలాయన మేడ మీద గదిని మళ్ళీ ఊడ్చాడు. నిన్న సాయంత్రం ఊడ్చిన గదే అది. అయినా సిపాయిలు దిగే చోట దుమ్ము ఉంటే ఆయన ప్రాణం ఒప్పుకోదు. కింద వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పోయినా ఆ వాసన ఆయన ముక్కుకు తగలదు గానీ, పై గదిలో బల్ల మీద ఒక వెంట్రుక పడితే మెట్ల మీద నుంచే కనబడుతుంది. ఈ విషయంలో ఆయన భార్య చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఊరుకుంది.

బజారులో ఆయనకు చిన్న కళ్ళద్దాల దుకాణం ఉంది. పగలంతా అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం, సాయంత్రం ఇంటికొచ్చి సీసపు సిపాయిల ముందు కూర్చోవడం, ఇదీ ఆయన బతుకు. వేలెడంత బొమ్మలవి. వెనకటి రోజుల్లో సీసం కరిగించి అచ్చుల్లో పోసి, ఎర్ర కోట్లు, నల్ల టోపీలు రంగులేసి పిల్లలకు అమ్మేవారు. ఇప్పుడు వాటితో పిల్లలు ఆడుకోవడం లేదు, తల నెరిసినవాళ్ళు ఆడుకుంటున్నారు. ఆ మాట పైకి అంటే మాత్రం వాళ్ళకు ఎక్కడలేని రోషం వస్తుంది. ఆడుకోవడం కాదట, సేకరణట.

ఊళ్ళో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు గుప్పెడు మంది. ఏడాదికోసారి ఎవరో ఒకరి ఇంట్లో శని, ఆదివారాలు కలుస్తారు. శనివారం పెట్టెలు విప్పి కొత్త బొమ్మల్ని పరీక్షిస్తారు. ఆదివారం అందరి సిపాయిల్నీ ఒకే బల్ల మీద వరసలు కట్టించి కవాతు చేయిస్తారు. బొమ్మలు నడవవు కాబట్టి వీళ్ళే చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ నడుస్తారు. కళ్ళద్దాలాయన వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక అడ్డం పడుతూ వచ్చింది. ఈసారి ఏమొచ్చినా సరే వెనక్కి తగ్గేది లేదని భీష్మించుకు కూర్చున్నాడు. వచ్చిన అడ్డం మనవరాలి జబ్బు.

కూతురు బేకరీలో పనిచేస్తుంది. చీకటితో వెళ్ళి మధ్యాహ్నం దాటాక వస్తుంది. అల్లుడు దూరాలకు సరుకు లారీ తోలుతాడు, ఎప్పుడోగానీ ఇంటి ముఖం చూడడు. అందుకని తల్లీ పిల్లా ఈ ఇంట్లోనే ఉంటున్నారు. పిల్లకు రెండేళ్ళు దాటాయి. ఇంట్లో అందరూ దాన్ని పిడుగు అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. నడక రాగానే ఇల్లు పీకి పందిరేసింది. మాటలు కూడా తొందరగా వచ్చాయి, వచ్చిన మాట వచ్చినట్టు వీధిలో పోయేవాళ్ళందరి మీదా ప్రయోగించేది.

అలాంటిది కొన్ని నెలలుగా చల్లారిపోయింది. తిండి ముట్టదు. కడుపు పట్టుకుని ఏడుస్తుంది. రోజుల తరబడి విరేచనం కాదు. ముఖం పాలిపోయింది. అన్నిటికన్నా భయపెట్టేది ఏమిటంటే, వచ్చిన మాటలు ఒక్కొక్కటే పోతున్నాయి. ఇదివరకు "కిటికీ తెలువు" అని గోల చేసేది, ఇప్పుడు వేలు చూపించి ఊరుకుంటుంది. ఒక డాక్టరు నులిపురుగులన్నాడు, ఇంకొకాయన రక్తం తక్కువన్నాడు. మందులు మారాయి గానీ పిల్ల మారలేదు. చివరికి పెద్దాసుపత్రిలో, సోమవారం మత్తిచ్చి కడుపులోకి గొట్టం వేసి చూస్తామన్నారు. అంత పసిదానికి మత్తు అనేసరికి ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడింది.

"నాన్నా, సోమవారం దాన్ని ఆసుపత్రిలో చేర్చాలి. ఇప్పుడీ మందంతా వచ్చి కూర్చోవడం అవసరమా?" అని కూతురు శుక్రవారమే అడిగింది.

"సోమవారం కదమ్మా. వీళ్ళు ఆదివారం సాయంత్రానికల్లా వెళ్ళిపోతారు. గది తలుపు వేసే ఉంటుంది. ఒక్క బొమ్మ కిందికి రాదు, ఒక్క గొంతు కిందికి వినబడదు. సరేనా?"

కూతురు ఇంకేదో అనబోయి మింగేసింది. సరేనంది.

ఒక్క బొమ్మ కిందికి రాదన్నాడు గానీ, ఒకటి ఎప్పుడో వచ్చేసింది. పిల్ల రెండో పుట్టినరోజుకి కూతురు ప్లాస్టిక్ సిపాయిల సంచీ ఒకటి కొనుక్కొచ్చింది. పిల్ల ఎప్పుడూ తాత గది గుమ్మంలో నిలబడి లోపలికి చేతులు చాస్తోంది, పాపం దానికీ కొన్ని ఉంటాయిలే అనుకుంది. కళ్ళద్దాలాయన ఆ ఆకుపచ్చ ప్లాస్టిక్ ముఖాల్ని చూసి, వంశానికే మచ్చ వచ్చినట్టు మొహం పెట్టాడు. "నా మనవరాలు ఈ చెత్తతో ఆడుకోవాలా?" అని ఆ సంచీ ఎత్తుకెళ్ళి చెత్తబుట్టలో పడేసి, తన పెట్టెలోంచి అసలు సిసలు సీసపు సిపాయిని తీశాడు. సెల్యూట్ కొట్టి నిలబడ్డవాడు. చేతిలో తుపాకీ లేదు, నడుముకి కత్తి లేదు, పిల్లకు గుచ్చుకునేదేదీ లేదు. టోపీ మీద చిన్న కుచ్చు మాత్రం ఉంది.

ఆయన అజాగ్రత్త మనిషి కాడు. పాత రంగుల్లో విషం ఉంటుందని సేకరించేవాళ్ళందరికీ తెలుసు. అందుకని పనిగట్టుకుని కూర్చుని, ఆ సిపాయిని రంగు వదిలించే మందులో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, సందుల్లోది సూదితో గీకి, ఆవగింజంత రంగు మిగలకుండా తీసేశాడు. లోపలి నుంచి బూడిద రంగులో మెరిసే కొత్త సిపాయి బయటపడ్డాడు.

"విషం లాంటిదేం ఉండదు కదా నాన్నా?" అని కూతురు అడిగింది.

"ఉన్న విషమంతా రంగులోనే. అది గీకేశాను. లోపలిది గట్టి లోహం, రాయితో సమానం. మేం జన్మంతా పట్టుకుంటున్నాం, మాకేమైంది?"

తండ్రి అంత ధీమాగా చెప్పాక కూతురు ఎందుకు అనుమానిస్తుంది? రంగు తీసేసిన సిపాయిని సేకరించేవాళ్ళు చిల్లిగవ్వకి కూడా కొనరు. అలాంటి మేలురకం బొమ్మని పిల్ల కోసం చేతులారా పాడుచేసుకున్నానని కళ్ళద్దాలాయన లోలోపల పొంగిపోయాడు కూడా. ఆ రోజు నుంచి ఆ సిపాయి పిడుగు పిడికిలి వదల్లేదు. తింటున్నా, నీళ్ళు పోస్తున్నా, పడుకున్నా వాడు పక్కన ఉండాల్సిందే.

శనివారం ఎండ ఎక్కేసరికి అతిథులు దిగారు. ముందు జనరల్ వచ్చాడు. ఆయన బతుకులో ఒక్కనాడూ యూనిఫాం వేసిన పాపాన పోలేదు, చెప్పుల దుకాణం నడిపి ఈ మధ్యే కొడుక్కి అప్పగించాడు. సేకరణ అందరికన్నా పెద్దది కాబట్టి ఆ బిరుదు దక్కింది. వెనకాలే మందుల కొట్టాయన, ఒక్కొక్క పెట్టెనూ గుండెకు హత్తుకుని, ఎవరైనా సాయం పడతామంటే కస్సుమంటూ మెట్లెక్కాడు. చివర టీచరమ్మ వచ్చింది. బళ్ళో భూగోళం చెబుతుంది, బాజాలు వాయించే సిపాయిల్ని మాత్రమే కొంటుంది. "కొట్టుకునేవాళ్ళతో నాకు పనిలేదు, వాయించుకునేవాళ్ళు చాలు" అంటుంది.

"వదినగారూ, మీ ఇంటి మీద దండు దిగింది!" అన్నాడు జనరల్ గుమ్మంలో నిలబడి.

"దిగనివ్వండి అన్నయ్యగారూ. టీ ఇచ్చి లొంగదీసుకుంటాను" అంది కళ్ళద్దాలాయన భార్య.

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం టీ పళ్ళెం పైకి చేరవేసి, భర్తని మెట్ల దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది.

"పిల్ల మళ్ళీ మూలుగుతోందండీ. దానికి తోడు ఆ గోడ చూశారా? మంచం పక్కనంతా గీతలే. నిన్న తుడిచాను, ఇవాళ మళ్ళీ గీసింది. దానికి పెన్సిలు ఎవరిచ్చారు?"

"నేనెందుకిస్తానే? మీ అమ్మాయి సంచీలోంచి తీసుకుని ఉంటుంది. ఇప్పుడా ఆ గోల?"

ఆవిడ పళ్ళు నూరుకుంటూ కిందికి వెళ్ళిపోయింది.

పై గదిలో సందడి మొదలైంది. పెట్టెల మూతలు లేచాయి, దూది పొరలు విడిపోయాయి, ఎర్ర కోట్లు, నీలం కోట్లు, గుర్రాలు, ఫిరంగులు బల్ల మీదికి వచ్చాయి. కళ్ళద్దాలాయన ముఖం వెలిగిపోయింది. ఎన్నేళ్ళుగానో ఇతరుల ఇళ్ళలో, ఇతరుల బల్లల దగ్గర ఒదిగి నిలబడ్డ మనిషి. ఇవాళ బల్ల తనది, కుర్చీలు తనవి, "ఏమయ్యా, కొంచెం కిటికీ తెర జరుపుతావా" అని జనరల్ అంతటివాడు తనని అడుగుతున్నాడు. కింద పిల్ల జబ్బుగా ఉందన్న దిగులు ఒక మూల నలుగుతూనే ఉంది గానీ, ఈ రెండు రోజులకు దాన్ని పక్కకు నెట్టగలిగాడు. మనిషి గుండెలో అన్నేసి అరలుంటాయి మరి.

వీళ్ళకొక ఆనవాయితీ ఉంది. ఎవరు ఏ కొత్త బొమ్మ తెచ్చినా ముందు గీత పరీక్ష పెట్టాలి. తెల్ల కాగితం పరిచి, బొమ్మని దాని మీద నిలబెట్టి, అడుగుభాగంతో బరబరా గీస్తారు. అసలైన పాత సీసమైతే పెన్సిలుతో గీసినట్టు బూడిద రంగు గీత పడుతుంది. ఈ మధ్య పాతవాటిలాగే పోతపోసి అమ్ముతున్న వేరే లోహమైతే గీత పడదు. గీత పడితే చప్పట్లు కొడతారు. పడకపోతే తెచ్చినవాడికి ఏడాది పొడుగునా వెక్కిరింపులు తప్పవు. గీసే గౌరవం ఆతిథ్యం ఇచ్చేవాడిది.

జనరల్ కొత్తగా సంపాదించిన గుర్రపు రౌతుని జేబురుమాలులోంచి తీసి, ఇంటి యజమాని చేతిలో పెట్టాడు. "జాగ్రత్తగా గియ్యి నాయనా. నా పరువు నీ చేతిలో ఉంది."

కళ్ళద్దాలాయన కాగితం పరిచాడు. గుర్రాన్ని ఆనించి, మెల్లగా తనవైపు లాగాడు. మెత్తటి, కొంచెం వంకర తిరిగిన బూడిద రంగు గీత పడింది.

చప్పట్లు మోగాయి. "పడిందోయ్! నేను చెప్పలా?" అని జనరల్ తొడ చరుచుకున్నాడు. కళ్ళద్దాలాయన మాత్రం గుర్రాన్ని కాగితం మీద నుంచి ఎత్తలేదు. ఆ గీతనే చూస్తున్నాడు. అటువంటి గీతలు కింద గోడ నిండా ఉన్నాయి. ఎన్ని వందల గీతలు చూసి, ఎన్ని వందల సార్లు చప్పట్లు కొట్టిన మనిషి! ఇంట్లో మంచం పక్కన గోడ మీద పడుతుంటే మాత్రం పెన్సిలనుకున్నాడు.

"ఇప్పుడే వస్తా" అని లేచాడు.

పిడుగు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మేలుకునే ఉంది. పిడికిట్లో సిపాయి ఉన్నాడు. చేయి చాచి, సిపాయి పాదాలతో గోడ మీద ఒక గీత గీసింది. తర్వాత చేయి వెనక్కి తీసుకుని, అలవాటైన పనిలాగా, వాడి తలని నోట్లో పెట్టుకుని నెమ్మదిగా చప్పరించింది.

కళ్ళద్దాలాయన మంచం పక్కన కూర్చున్నాడు. "ఇలా ఇవ్వమ్మా, తాతకివ్వు" అని పిడికిలి విప్పి తీసుకున్నాడు. ఒకప్పుడైతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. ఇప్పుడు పెదవి విరిచి, సన్నగా ఏడ్చి ఆగిపోయింది.

జేబులో ఎప్పుడూ ఉండే భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. టోపీ మీద కుచ్చు లేదు. టోపీ కూడా లేదు. సెల్యూట్ కొట్టే చెయ్యి మోచేతి దాకా అరిగిపోయింది. ముఖం ఉండాల్సిన చోట నున్నటి గుండ్రటి మొద్దు, దాని చుట్టూ చిన్న చిన్న నొక్కులు, వరసగా, పైనా కిందా. పాలపళ్ళ గుర్తులు. పోయిన కుచ్చు, పోయిన టోపీ, పోయిన చెయ్యి ఎక్కడికి వెళ్ళాయో ఇక ఎవర్నీ అడగక్కర్లేదు.

బొమ్మని జేబులో వేసుకుని మేడ మీదికి వెళ్ళాడు. వెళ్ళకుండా అక్కడి నుంచి అటే పిల్లని భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తాల్సింది. పరుగెత్తలేదు. ఆయన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు.

మందుల కొట్టాయన పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాడు. "రంగు తీసేసిన సీసం పిల్లల నోట్లో పడితే ఏమన్నా అవుతుందంటావా?"

"రంగు తీసేసిందా?" మందుల కొట్టాయన చేతిలో ఉన్న సిపాయిని కింద పెట్టాడు. "రంగులోనూ విషమే, లోపలా విషమే. రంగు పోతే ఇంక అడ్డమేముంది? నేరుగా నోట్లోకే. ఎవరయ్యా అలా చేసింది?"

కళ్ళద్దాలాయన జేబులోది తీసి బల్ల మీద పెట్టాడు. కవాతుకి సిద్ధంగా నిలబడ్డ ఎర్ర కోట్ల మధ్య ఆ మొండి బొమ్మ నిలబడలేక పక్కకు ఒరిగింది.

"కడుపునొప్పా?" అన్నాడు మందుల కొట్టాయన. "విరేచనం కావడం లేదా? పాలిపోయిందా?"

అన్నిటికీ తలూపాడు.

"మాటలు?"

"పోతున్నాయి" అన్నాడు.

జనరల్ తేరుకుని చెయ్యి విదిలించాడు. "ఊరికే గాభరా పడకండయ్యా. మేమంతా చిన్నప్పుడు వీటిని నోట్లో పెట్టుకున్నవాళ్ళమే. మాకేమైంది? సోమవారం ఎలాగూ ఆసుపత్రికి వెళ్తున్నారుగా, అక్కడ చెప్పు. రేపు కవాతు కానివ్వు. ఇంతదూరం వచ్చాం."

"మనకేమైందో మనకెలా తెలుస్తుంది జనరల్ గారూ?" అంది టీచరమ్మ. "ఏమీ కాకపోతే ఎలా ఉండేవాళ్ళమో ఎవరు చూశారు? అన్నయ్యగారూ, లేవండి. ఇప్పుడే వెళ్ళండి."

కళ్ళద్దాలాయన లేవలేదు. లేవాలనే ఉంది. కానీ లేస్తే కిందికి దిగాలి, దిగితే కూతురికి చెప్పాలి. చెప్పాక కూతురు ఈ ఇంట్లో ఉంటుందా? మనవరాల్ని మళ్ళీ ఎత్తుకోనిస్తుందా? ఒక్క రోజే కదా తేడా, సోమవారం ఎలాగూ తెలుస్తుంది కదా, గొట్టం వేసి వాళ్ళే కనిపెడితే తను చెప్పక్కర్లేదు కదా. ఇలాంటి ఆలోచనలన్నీ బుర్రలో దూరాయి. చేతులు వాటంతటవే ఒక గుర్రాన్ని తీసి వరసలో సర్దాయి. ఆ సర్దడం చూసి టీచరమ్మ మొహం తిప్పేసుకుంది.

అప్పుడు కింద వీధి తలుపు చప్పుడైంది. కూతురు వచ్చింది. వచ్చీ రాగానే పిల్లని పిలుస్తున్న గొంతు మెట్ల మీదుగా పైకి వినబడింది. "పిడుగూ! నా పిడుగు ఏం చేస్తోంది? ఎందుకమ్మా ఏడుస్తున్నావ్? నీ సిపాయి ఏడీ? ఉండు, అమ్మ వెతికి పెడుతుంది. అమ్మ ఇస్తుంది కదా, ఏడవకు."

ఆ మాట ఆయన్ని లేపింది. బల్ల మీద బొమ్మని లాక్కుని, మెట్లు దిగాడు.

కూతురు చొక్కా చేతుల నిండా పిండి ఉంది. మంచం కింద వంగి వెతుకుతోంది. తండ్రి చేతిలో బొమ్మ చూసి, "హమ్మయ్య, నీ దగ్గరుందా? ఇలా ఇవ్వు" అని చెయ్యి చాచింది.

"ఇవ్వకూడదమ్మా."

"అదేంటి?"

"దీనివల్లే. అంతా దీనివల్లే. కడుపునొప్పి, మాటలు పోవడం, అంతా. నేను అనుకున్నది తప్పు. విషం రంగులో ఒక్కటే లేదు. ఇది నోట్లో పెట్టుకుని తినేసింది చూడు. సగం తినేసింది."

కూతురు బొమ్మని చూసింది. పిల్లని చూసింది. వంటింట్లోంచి తల్లి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"నేను అడిగాను నాన్నా" అంది కూతురు. అరవలేదు. "విషం ఉండదు కదా అని అడిగాను. నువ్వు ఉండదన్నావు."

"అన్నానమ్మా."

"మరి నేనే కదా రోజూ దాని చేతిలో పెట్టింది? అది ఏడిస్తే నేనే వెతికి ఇచ్చాను. ఇప్పుడు కూడా మంచం కింద దూరి వెతుకుతున్నాను."

తిట్టినా బాగుండేది. కొట్టినా పడి ఉండేవాడు. తప్పంతా తనది కాగా, కూతురు తన వంతు వెతుక్కుంటోంది. టీచరమ్మ అప్పటికే వీధిలోకి పరుగెత్తి ఆటో ఆపింది. మందుల కొట్టాయన డాక్టరుకి ఏమేం చెప్పాలో మెట్ల మీద నుంచే గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. జనరల్ పైన ఒక్కడే మిగిలాడు. దూదిలో చుట్టి పెట్టెల్లో సర్దుకుంటున్న చప్పుడు వినబడింది.

పెద్దాసుపత్రిలో డ్యూటీలో ఉన్నది ఒక డాక్టరమ్మ. అరిగిపోయిన బొమ్మని చూడగానే ఇంకో ప్రశ్న వేయకుండా రక్తం తీయించి, పిల్ల కడుపు ఎక్స్‌రే తీయించింది. ఫిల్ము వెలుగులో పెట్టి పిలిచింది. లోపల పేగుల వెంట తెల్లటి చుక్కలు చెల్లాచెదురుగా మెరుస్తున్నాయి. చూపు మందగించిన వాళ్ళకు కూడా కనబడేటంత స్పష్టంగా ఉన్నాయి.

"ఇదే" అంది డాక్టరమ్మ. "సోమవారం మత్తూ గొట్టం అక్కర్లేదు. ఈ రాత్రికి కడుపు శుభ్రం చేస్తాం. రక్తం ఫలితం వచ్చాక, అందులో చేరిన సీసాన్ని బయటికి లాగే మందు మొదలుపెడతాం. ఇలాంటి బొమ్మల సంగతి ఇన్ని రోజులు ఎవరూ ఎందుకు అడగలేదో గానీ, ఇప్పుడైనా తెచ్చారు. ప్రాణానికి భయం లేదు."

"పోయిన మాటలు మళ్ళీ వస్తాయా అండీ?" అని కూతురు అడిగింది.

"కొన్ని వస్తాయి. అన్నీ వస్తాయని నేను మాటివ్వలేను. బడికి వెళ్ళే వయసు వస్తే గానీ పూర్తిగా తెలియదు." కాగితం మీద ఏదో రాసుకుంటూ అడిగింది. "ఇంట్లో ఇంకా పిల్లలున్నారా?"

"లేరండీ."

"మీరు పెరిగింది ఎక్కడ?"

"అదే ఇంట్లో."

డాక్టరమ్మ రాయడం ఆపి కళ్ళద్దాలాయన వైపు చూసింది. "అప్పుడు కూడా ఈ బొమ్మలు ఇంట్లో ఉండేవా?"

ఉండేవి. ఇప్పటికన్నా ఎక్కువగా ఉండేవి. ఆ రోజుల్లో ఆయనకు మేడ మీద గది లేదు. విరిగిన సిపాయిల్ని వంటింటి పొయ్యి మీదే కరిగించి, అచ్చుల్లో పోసి కొత్తవి చేసేవాడు. కూతురు పక్కనే పీట వేసుకుని, ఆ వెండిలాంటి ద్రవం గరిటెలో వణకడం గుడ్లప్పగించి చూసేది. చల్లారాక రాలిన సీసపు పొడిని వేలితో పోగుచేసి పెట్టేది. తండ్రీకూతుళ్ళు అంత దగ్గరగా కూర్చున్నది బహుశా ఆ రోజుల్లోనే. ఆ పిల్లకు ఎప్పుడూ కడుపునొప్పే. బడి ఎగ్గొట్టడానికి వేషాలన్నాడు. ఎక్కాలు ఇవాళ అప్పజెప్పి రేపటికి మరిచిపోయేది. ఒళ్ళు మండి మొద్దు అని పిలవడం మొదలుపెట్టాడు. తర్వాత అది ముద్దుపేరై కూర్చుంది. వచ్చినవాళ్ళకు "మా మొద్దు" అని నవ్వుతూ చూపించేవాడు. చదువు అబ్బదని తేల్చి బడి మాన్పించి, తెలిసినవాళ్ళ బేకరీలో పనికి పెట్టింది కూడా ఆయనే. ఆమె ఏనాడూ ఎదురు చెప్పలేదు. మొద్దుకి చదువెందుకని ఆమె కూడా అనుకుంది.

"ఉండేవండీ" అన్నాడు. "అప్పట్లో వంటింట్లోనే కరిగించేవాణ్ణి."

కూతురు ఆ మాట విని చొక్కా చెయ్యి పైకి మడిచింది. "నాది కూడా రక్తం తీసి చూస్తారా అండీ?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇన్నేళ్ళ తర్వాత రక్తంలో ఏమీ కనబడదమ్మా. అప్పుడు మీ ఒంట్లో ఎంత చేరిందో, దానివల్ల ఏమైందో, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

లోపల నర్సు పిడుగుకి సూది గుచ్చింది కాబోలు, ఏడుపు వినబడింది. కూతురు అటు ఒక అడుగు వేసి ఆగి, తండ్రి వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం కోసం ఆయన వెతికాడు. లేదు. లెక్క చేసి, పలక ఆయన ముందు పెట్టి, తప్పో ఒప్పో చెబుతాడని ఎదురుచూసే చిన్నపిల్ల ముఖం అది.

"అయితే నాన్నా," అంది, "నేను మొద్దుని కాదేమో కదా?"

కాదమ్మా, ఏనాడూ కాదు అని చెప్పబోయాడు. నోరు తెరిచేసరికి ఏడుపు వచ్చింది. డాక్టరమ్మ ముందే, వరండాలో వరసగా కూర్చున్న జనం ముందే, గోడకు ఆనుకుని పెద్దగా ఏడ్చాడు. కూతురు ఇంకొక్క క్షణం ఆగి చూసింది. జవాబు వచ్చేలా లేదని అర్థమై, పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.